పూర్వీకుల విస్తట్లో ఏముంది?

నాణేలకు, విగ్రహాలకు మ్యూజియంలున్నాయి. సామాన్యుడి తిండి గురించి సాక్ష్యం చెప్పే ఎముకలకే దిక్కులేదు

భిలాయ్ అంటే ఇనుము. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన తొలి బ్లాస్ట్ ఫర్నేస్, దేశమంతటా పరుచుకున్న రైలు పట్టాలు. ఈ ఊరి గురించి చాలామందికి తెలిసింది ఇంతే. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి ఇక్కడి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా భిలాయ్ చరిత్ర కర్మాగారంతోనే మొదలవుతుంది. అంతకుముందు ఇక్కడేముండేదంటే పొలాలు, చెరువులు, నాలుగు పల్లెలు అన్న జవాబే వస్తుంది.

ఆ జవాబులో అబద్ధమేమీ లేదు. కానీ అది సగం జవాబే. భిలాయ్ కొలిమికి ఇనుప ఖనిజం వచ్చేది దల్లీ-రాజహరా గనుల నుంచి. ఆ గనులున్న బాలోద్ జిల్లా 2012 దాకా దుర్గ్ జిల్లాలో భాగమే. అదే బాలోద్ జిల్లాలో, ధమ్తరి వెళ్లే దారిలో కర్కాభాట్ అనే ఊరుంది. దాని పరిసరాల్లో నిలువురాళ్లు, రాతి వలయాలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. తెలుగునాట ఇలాంటివాటిని రాక్షస గుళ్లంటారు. నిజానికి అవి రాక్షసులవీ కావు, గుళ్లూ కావు. బృహత్ శిలాయుగపు మనుషుల సమాధులు. 1990 దశకం మొదట్లో ఇక్కడ జరిగిన తవ్వకాల్లో ఇనుప వస్తువులు బయటపడ్డాయి. సోవియట్ ఇంజనీర్లు రాకముందే, వేల ఏళ్ల కిందటే ఈ ప్రాంతానికి ఇనుము తెలుసన్నమాట.

ఆ తవ్వకాలకు నాయకత్వం వహించిన అరుణ్ కుమార్ శర్మ ఛత్తీస్‌గఢ్ వారే. సిర్పూర్ తవ్వకాలతో పేరు తెచ్చుకున్నారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో మరణించారు. ఆయన గురించి రాసినవారంతా గుళ్లు, విహారాల ప్రస్తావనే తెచ్చారు గానీ, పురావస్తు రంగంలో ఆయనకు మరో ముఖ్యమైన గుర్తింపు ఉంది. ఆయన ఎముకలు చదవగలిగిన మనిషి. కాలీబంగన్‌లో దొరికిన హరప్పా కాలపు అస్థిపంజరాలపై అధ్యయనం చేశారు. గుజరాత్‌లోని సుర్కోటడాలో దొరికిన కొన్ని ఎముకలు, పళ్లు గుర్రానివేనని 1974లో ప్రకటించిందీ ఆయనే.

ఆ ప్రకటన మామూలు దుమారం రేపలేదు. హరప్పా నాగరికతలో గుర్రం ఉందా లేదా అన్నది జంతుశాస్త్రంతో ఆగే ప్రశ్న కాదు. ఆర్యులెవరు, ఎప్పుడు వచ్చారు, అసలు వచ్చారా అన్న రాజకీయం మొత్తం దానికి ముడిపడి ఉంది. హంగేరీ నిపుణుడు షాండోర్ బొకొన్యి ఆ ఎముకలు చూసి గుర్రానివేనన్నారు. రిచర్డ్ మెడో, అజితా పటేల్ 1990ల్లో ఆ నిర్ధారణను ప్రశ్నించారు. అడవిగాడిద జాతికి, గుర్రానికి ఎముకల్లో తేడా పట్టడం అంత తేలిక కాదన్నది వారి వాదన. పిడికెడు పళ్లు, ఎముక ముక్కలు ఒక దేశపు చరిత్ర పాఠాన్నే వివాదంలోకి లాగగలవని అప్పుడు అందరికీ అర్థమైంది.

విచిత్రమేమిటంటే, సిద్ధాంతాలకు పనికొచ్చే ఎముకల మీదే ఇంత శ్రద్ధ. వేల ఏళ్ల కిందట నదుల ఒడ్డున బతికిన సామాన్యులు ఏం వేటాడారు, ఏం పట్టుకున్నారు, ఏం వండుకున్నారు అని చెప్పే ఎముకల గోనెసంచులను విప్పి చూసే తీరికే ఎవరికీ ఉండదు.

అసలు ఎముక ఏం చెబుతుంది? చాలానే చెబుతుంది. ఒక గుంటలో దుప్పి ఎడమ తొడ ఎముకలు ఏడు దొరికితే, అక్కడ కనీసం ఏడు దుప్పులు చచ్చాయని లెక్క. పళ్ల అరుగుదల జంతువు వయసు చెబుతుంది. పశువుల్లో కోడెదూడల ఎముకలే ఎక్కువగా ఉంటే పెంపకం మొదలైందని, పాడి కోసమో సంతతి కోసమో ఆడవాటిని ఉంచుకున్నారని ఊహించవచ్చు. జింక కొమ్ములు ఏటా రాలి కొత్తవి వస్తాయి కాబట్టి, పుర్రెకు అంటుకుని ఉన్న కొమ్ము వేట జరిగిన రుతువును సూచిస్తుంది. సన్నని గాట్లుంటే రాతి పలుగుతో మాంసం కోశారని అర్థం. మాడితే నిప్పు. మూలుగ కోసం పగలగొట్టిన ఎముకకు ఒక తీరు, కొండ్రిగాడు నమిలిన ఎముకకు మరో తీరు ఉంటాయి. ఏదుపంది కొరికిన గుర్తులైతే గాడులు పడి వేరుగా కనిపిస్తాయి. గుహలో దొరికిన ప్రతి ఎముకా మనిషి భోజనం కాదు. ఆ తేడా తేల్చడమే ఈ శాస్త్రంలో సగం పని.

ఈ విద్యకు మన దేశంలో తొలి బడి తెలుగునేలే అనవచ్చు. ఇప్పటి నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల గురించి 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపారు. కుప్పలుగా బయటపడిన ఎముకలను లిడెకర్ వర్గీకరించాడు. వాటిలో ఒక ఖడ్గమృగానికి ఏకంగా కర్నూలు పేరే పెట్టాడు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిని తవ్వారు. అక్కడ రాతి పనిముట్ల కంటే ఎముక పనిముట్లే ఎక్కువ దొరికాయి. పొయ్యి పెట్టిన చోట కాలిన మట్టిని పరీక్షిస్తే అది సుమారు 17 వేల ఏళ్ల నాటిదని తేలింది. దుప్పి, కణితి, మనుబోతు, కొండగొర్రె, అడవిపంది వంటి జంతువుల అవశేషాలు ఆ కాలపు నల్లమల పరిసరాల జీవితాన్ని కళ్లకు కట్టాయి.

మూర్తి అక్కడితో ఆగలేదు. ఆ చుట్టుపక్కలే బతుకుతున్న చెంచులు, బోయలు, ఎరుకలు ఏ ఉచ్చు ఎలా పన్నుతారో, ఏ రుతువులో ఏం సేకరిస్తారో గమనించి, గుహలో దొరికినదానితో పోల్చి చూశారు. రాతియుగపు వేటగాడంటే ఖడ్గమృగం మీదికి బల్లెం విసిరే వీరుడే గుర్తొస్తాడు. కానీ రోజూ కడుపు నింపేది కుందేలు, ఉడుము, చేప, దుంప, తేనె. ఉచ్చు పన్నేవాడి ఓర్పు, గంప పట్టుకుని బయల్దేరే ఆడమనిషి చూపు లేకపోతే ఆ వీరుడు ఆకలితో మాడిపోయేవాడే.

కర్నూలు గుహల్లో ఎముకలు అన్ని వేల ఏళ్లు నిలవడానికి కారణం సున్నపురాయి. ఆమ్ల గుణమున్న ఎర్రమట్టిలో ఎముక కరిగిపోతుంది. సున్నపునేలలో నిలుస్తుంది. ఇక్కడే భిలాయ్ మళ్లీ కథలోకి వస్తుంది. ఉక్కు తయారీకి ఇనుప ఖనిజం తర్వాత కావలసిన ముఖ్యమైన ముడిసరుకుల్లో సున్నపురాయి ఒకటి. భిలాయ్ కర్మాగారానికి దశాబ్దాల పాటు ఆ రాయి దగ్గర్లోని నందిని గనుల నుంచే వచ్చింది. ఈ మైదానమంతా సున్నపురాయి పరుచుకున్న నేల. సిమెంటు కర్మాగారాలు ఇక్కడ బారులు తీరింది కూడా అందుకే. అంటే ఎముకను దాచిపెట్టే రాయినే మనం కొలిమిలో వేస్తున్నాం, సిమెంటు చేస్తున్నాం. అలా తవ్విన చోటల్లా ఎముకలున్నాయని కాదు. ఉన్నాయో లేదో చూసి తవ్వే అలవాటు లేదన్నదే బాధ.

నదులూ అంతే. మహానదికి పెద్ద ఉపనది అయిన శివనాథ్ దుర్గ్ పక్క నుంచే పారుతుంది. దానిలో కలిసే ఖారున్ నది ఒడ్డున, పాటన్ దగ్గరి తరీఘాట్‌లో రాష్ట్ర పురావస్తు శాఖ 2012-13లో తవ్వకాలు మొదలుపెట్టింది. రెండు వేల ఏళ్లకు పైబడిన పట్టణ జీవితం ఆనవాళ్లు దొరికాయి. నాణేలు, పూసల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. అక్కడి జనం వంటింటి చెత్త మాత్రం వార్త కాలేదు. చెత్తకు వార్తా విలువ లేకపోవచ్చు గానీ చరిత్రలో అంతకు మించిన దస్తావేజు లేదు. రాజు తన గురించి శాసనంలో ఏమైనా రాయించుకోగలడు. చెత్తకుప్ప మాత్రం అబద్ధమాడదు.

నది ఒడ్డు చెత్తను శ్రద్ధగా చదివితే ఏం దొరుకుతుందో రెండు ఉదాహరణలు చాలు. ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్ జిల్లా. సరాయ్ నాహర్ రాయ్, మహదహా, దమ్‌దమాలో అలహాబాద్ విశ్వవిద్యాలయం జరిపిన తవ్వకాల్లో మధ్యశిలాయుగపు మనుషుల అస్థిపంజరాలు, పొయ్యిలు, జంతువుల ఎముకలు బయటపడ్డాయి. గంగా మైదానంలో నది వదిలేసిన పాత పాయలు మడుగులుగా మారాయి. వాటి ఒడ్డున చుక్కల దుప్పి, బారాసింగాలను వేటాడి, చేపలు, తాబేళ్లు పట్టుకుని జనం బతికారు. మహదహాలో వేటను కోసుకున్న జాగా కూడా వేరుగా కనిపించింది. అక్కడివారు ఎముకలు, కొమ్ములతోనే నగలు చేసుకున్నారు. తిన్నాక మిగిలినదే మెళ్లో హారమైందన్నమాట.

రెండోది అమెరికాలోని ఇల్లినాయ్ నదీలోయ. అక్కడ కోస్టర్ అనే రైతు మొక్కజొన్న చేనులో 1969 నుంచి దాదాపు పదేళ్లు తవ్వకాలు జరిగాయి. అమెరికా పురావేత్తలు ఆర్కాయిక్ అని పిలిచే, వ్యవసాయం రాకముందటి దశకు చెందిన జనావాసాలు ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా కనిపించాయి. దుప్పి మాంసం, చేపలు, ఆల్చిప్పలు, అడవి గింజలు వారి ఆహారం. శ్రద్ధగా పూడ్చిపెట్టిన కుక్కల అస్థిపంజరాలూ దొరికాయి. ఆ తవ్వకాలు జరిపిన స్టువర్ట్ స్ట్రూవర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి మహా సులువైనది. తవ్విన మట్టిని నీళ్లలో వేసి కలపడం, తేలినదాన్ని ఒక జల్లెడతో, మునిగినదాన్ని మరో జల్లెడతో పట్టడం. అంతే. కంటికి ఆనని చేప ముళ్లు, మాడిన గింజలు బయటపడతాయి. జల్లెడ పట్టని చోట పెద్ద జంతువుల ఎముకలే మిగిలి, అక్కడి జనం కేవలం వేటగాళ్లని పొరపడతాం. జల్లెడ పడితే వారిలో జాలరులు, గింజలు ఏరుకునేవారు కూడా కనిపిస్తారు. పురాతన సమాజంలో ఎవరి కష్టం లెక్కలోకి వస్తుందన్నది కొంతవరకు జల్లెడ కన్ను సైజు మీద ఆధారపడి ఉంటుంది.

పశువుల కథ మరీ ఆసక్తికరం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు (ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు కాదు) బూడిద దిబ్బ గురించి చాలా కాలం ఎవరికి తోచింది వారు చెప్పారు. దక్కన్‌లోని ఇలాంటి దిబ్బలను జనం రాక్షసుల చితాభస్మమన్నారు. కొందరు దొరలు అగ్నిపర్వతం బూడిద అన్నారు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వి చూశాక తేలిందేమిటంటే, అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల కిందట పేరుకుపోయిన పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టగా మిగిలిన బూడిద. పశువుల గిట్టల ముద్రలు కూడా ఆ పొరల్లో దొరికాయి. కర్ణాటకలోని బుదిహాళ్ బూడిద దిబ్బ దగ్గర కె. పద్దయ్య 1990ల్లో జరిపిన తవ్వకాల్లో పశువులను కోసిన జాగా, దాని మీద చెల్లాచెదురుగా ఎముకలు బయటపడ్డాయి. పశువును ప్రాణప్రదంగా పెంచిందీ, దాని పేడకు క్రతువులాంటి ప్రాధాన్యమిచ్చిందీ, దాని మాంసం తిన్నదీ ఆ జనమే. ఇవి మూడూ ఒకచోట ఇమడవని మనం అనుకుంటాం. వారికి అలాంటి ఇబ్బంది ఉన్నట్టు కనిపించదు.

ఛత్తీస్‌గఢ్‌కు ఈ విషయం కొత్త కాదు. 2020 జులై 20న అప్పటి భూపేష్ బఘేల్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల చొప్పున పేడ కొనే పథకం ప్రారంభించినప్పుడు దేశమంతా వింతగా చూసింది. పేడ సంపదేనని ఉట్నూరు జనానికి ఎప్పుడో తెలుసు. అంతకు ఏడాది ముందు, 2019లో, అదే ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడతానంటే పెద్ద గొడవైంది. శాకాహారాన్ని నియమంగా పాటించే కబీర్‌పంథీలు అభ్యంతరం చెప్పారు. ప్రతిపక్షం వారికి మద్దతిచ్చింది. తల్లిదండ్రుల మధ్య ఏకాభిప్రాయం లేని చోట గుడ్డు తినే పిల్లల ఇళ్లకే పంపుతామని ప్రభుత్వం మధ్యేమార్గం చెప్పింది. ఈ గొడవల్లో రెండు పక్షాలూ తరచూ వాడే మాట ఒకటుంది: సంప్రదాయం. మా పూర్వీకులు ఇది తినేవారు, ఇది ముట్టేవారు కాదు అని.

పూర్వీకులు ఏం తిన్నారో ఎముకలను అడగొచ్చు. కానీ అవి ఎవరి పక్షమూ పూర్తిగా వహించవు. ఒకచోట జింక, ఒకచోట చేప, ఇంకోచోట పశువు. వానల్లో ఒకటి, ఎండల్లో ఒకటి. దొరికింది తినడమే అప్పటి సంప్రదాయం. మనం ఇప్పుడేం తినాలన్నది ఎముకలు నిర్ణయించలేవు, నిర్ణయించకూడదు కూడా. కాకపోతే, అందరి పూర్వీకుల విస్తరి ఒకటేనని ఎవరైనా గద్దిస్తే కాదని చెప్పగల సాక్షులవి. అందుకైనా వాటిని కాపాడుకోవాలి.

అవి చెప్పే మరో విషయం ఇంకా కలవరపెడుతుంది. బిల్లసుర్గం సహా కొన్ని చోట్ల దొరికిన ఎముకలను పరిశీలించి అంతర్జాతీయ బృందం ఒకటి 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. గత రెండు లక్షల ఏళ్లలో వారు గుర్తించిన క్షీరదాల్లో ఒక్క రకం తప్ప మిగతావన్నీ భారత ఉపఖండంలో నిలదొక్కుకున్నాయన్నది దాని సారాంశం. వాతావరణం తలకిందులైంది. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలి దక్కన్ మీద బూడిద కురిసింది. మనిషి వేట సరేసరి. అయినా జంతుజాలం తట్టుకుంది.

అన్నిటినీ తట్టుకున్న జంతువులు మన కాలంలో తట్టుకోలేకపోతున్నాయి. దేశంలో చివరి చీతాలుగా లెక్కకు వచ్చిన మూడింటిని 1947లో కోరియా మహారాజా కాల్చి చంపింది ఇప్పటి ఛత్తీస్‌గఢ్ అడవుల్లోనే. ఈ రాష్ట్ర జంతువు అడవి దున్న. ఉదంతిలో అవి వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి పడిపోయాక, 2020లో అసోంలోని మానస్ నుంచి ఒక జతను బార్నవాపారాకు తేవాల్సి వచ్చింది. రేపటి పురావేత్త ఈ శతాబ్దపు పొరను తవ్వితే కోడి ఎముకలు తప్ప ఏం దొరుకుతాయో ఊహించుకోవచ్చు.

నది మీద బతికేవారి సంగతి చూసినా తీరు మారలేదు. శివనాథ్ ఒడ్డున ఎప్పటినుంచో చేపలు పడుతున్న కుటుంబాలున్నాయి. 1998లో బోరయి పారిశ్రామికవాడ నీటి అవసరాల కోసం సుమారు 23 కిలోమీటర్ల నదిని ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టినప్పుడు, జాలరులకూ నదికీ మధ్య అడ్డంకులు వచ్చాయి. నదిని ప్రైవేటుపరం చేయడానికి దేశవ్యాప్తంగా ఉదాహరణగా మారిన ఉదంతమది. నది ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఈ నది వేల ఏళ్లుగా ఎవరికి తిండి పెట్టిందో చెప్పే ఆధారం చేతిలో ఉంటే ఆ మాటకు బరువుంటుంది. ఆ ఆధారం చేప ముళ్ల రూపంలో ఒడ్డు మట్టిలోనే ఉంటుంది. ఒడ్డు మిగిలితే.

చట్టం ఏం చెబుతోంది? 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం నిర్వచనం నాణెం, శిల్పం, చిత్రం, శాసనం అంటూ మొదలవుతుంది. ఎముక పేరు అందులో విడిగా లేదు. చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు అన్న గంపగుత్త మాట కింద దూరాల్సిందే. శిలాజాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లును విడుదల చేసింది. ఈలోగా పలుగులు ఆగవు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో టోబా బూడిద పొరకు కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరికి 2007లో ప్రపంచ శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించాయి. అదే బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడి తయారీకి అమ్ముకున్నారు. 74 వేల ఏళ్ల దస్తావేజు అంట్లగిన్నెల పాలైంది.

చేయాల్సింది కొండంత పనేమీ కాదు. గనికి, ఇటుక బట్టీకి, ఇసుక రేవుకు అనుమతినిచ్చే ముందు ఒక పురావేత్త ఆ నేలను చూడటం. తవ్వకం జరిగిన ప్రతిచోటా మట్టిని జల్లెడ పట్టడం. దొరికిన ఎముకలను నాణేలతో పాటే నమోదు చేసి, భద్రపరచి, చదవగలిగినవారికి పంపడం. పుణెలోని దక్కన్ కళాశాల దశాబ్దాలుగా ఈ విద్య నేర్పుతోంది. రాయ్‌పూర్, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో జంతుశాస్త్ర విభాగం, చరిత్ర విభాగం మధ్య ఉన్న గోడను ఒక విద్యార్థి దాటగలిగితే చాలు, పని మొదలవుతుంది.

రాజులు ఏం గెలిచారో చెప్పే రాళ్లకు మనం గొడుగులు కట్టాం. జనం ఎలా బతికారో చెప్పే ఎముకలకు కావలసింది ఒక జల్లెడ, ఒక అట్టపెట్టె, కాస్త ఓపిక. మొదటి రెండూ ఏ బజారులోనైనా దొరుకుతాయి.